ఇంటి పన్ను హెచ్చినదా? ముందుగా కొలత చూడవలెను

నాయకరాజుల కాలం నుండి మదురై, కోయంబత్తూరు ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. వారి ఇంట మాట తెలుగు, కార్యాలయపు కాగితం తమిళం. అక్కడి నగరపాలక సంస్థ పంపే ‘సొత్తు వరి’ నోటీసు అంటే ఆస్తిపన్ను నోటీసే. అది అందగానే పలువురు చివరనున్న మొత్తాన్ని చూసి కలత చెందుతారు. పొరపాటు దొర్లితే అది సాధారణంగా పై వరుసలలోని కొలతలలోనే ఉంటుంది.

2011లో ఈ రెండు నగరాల హద్దులు విస్తరించాయి. కాళపట్టి, శరవణంపట్టి, తిరుప్పరంకుండ్రం, అవనియాపురం వంటి ఊళ్లు నగరాలలో కలిశాయి. 2022లో తమిళనాడు ప్రభుత్వం ఆస్తిపన్నును సవరించినప్పుడు, ఈ నగరాలలో 600 చదరపు అడుగుల లోపు ఇళ్లకు 25 శాతం, 1,200 వరకు 50 శాతం, 1,800 వరకు 75 శాతం, ఆపై వాటికి 100 శాతం పెంపు విధించింది. 2024లో మరొక 6 శాతం పెరిగింది.

ఈ మెట్ల వల్ల కొద్దిపాటి కొలతకు కూడా విలువ ఏర్పడింది. ఉదాహరణకు, అర్ధసంవత్సరానికి 1,000 రూపాయలు చెల్లిస్తున్న ఇల్లు 1,190 చదరపు అడుగులైతే 2022 సవరణతో పన్ను 1,500 అవుతుంది. అదే ఇంటిని 1,210గా నమోదు చేస్తే 1,750 అవుతుంది. ఇరవై అడుగుల తేడాకు ఏటా 500 రూపాయల భారం.

పాతకాలపు ఇళ్లలో ఇట్టి తేడాకు అవకాశం ఎక్కువ. నడుమ ఆకాశానికి తెరచిన మండువా, గోడలు దాటి ముందుకు వచ్చిన చూరు, వీధి అరుగు ఉన్న ఇంటిని పైనుండి కొలిస్తే నివాసభాగం కన్న ఎక్కువ కనిపించవచ్చును. కోయంబత్తూరులో డ్రోన్ కొలతలపై 2024లో ఆక్షేపణలు వచ్చాయి. నివాసమా వ్యాపారమా అన్న గుర్తింపును, కట్టడపు వయస్సును, కప్పు రకాన్ని కూడా సరిచూసుకొనవలెను.

‘భారం మోయలేము’ అన్న మనవి కన్న ‘ఈ కొలత తప్పు’ అన్న మనవికి బలం ఎక్కువ. ఇంటి పటం, స్వయంగా కొలిచిన లెక్క, పాత పన్ను రశీదులు, ఛాయాచిత్రాలు జతచేసి, నోటీసులో చూపిన గడువులోగా కమిషనరుకు వ్రాతపూర్వకంగా విన్నవించి, తిరిగి కొలవమని కోరవలెను. అందినట్లు ముద్ర వేయించిన నకలును భద్రపరచుకొనవలెను. తమిళంలో ‘మేల్‌మురైయీడు’ అనబడే అప్పీలు ఆ తరువాతి మెట్టు. దానిని విచారించుటకు పన్ను అప్పీళ్ల సంఘం ఉన్నది. విన్నపం ఇచ్చినంత మాత్రాన వసూలు ఆగిపోదు గనుక చెల్లింపు మానరాదు. అర్ధసంవత్సరపు మొదటి నెలలోనే చెల్లించిన వారికి 5 శాతం, గరిష్ఠంగా 5,000 రూపాయల ప్రోత్సాహకం ఉన్నది.

మధ్యవర్తి చేతికి సొమ్ము ఇచ్చి పన్ను తగ్గించుకొనుట ప్రమాదకరం. మదురైలో అధికారుల కంప్యూటర్ పాస్‌వర్డులతో కొన్ని భవనాల పన్నును అక్రమంగా తగ్గించారన్న కేసులో 2025లో అరెస్టులు జరిగాయి. దొంగదారిన తగ్గిన పన్ను ఏనాడైనా తిరిగి పెరుగుతుంది. సరియైన కొలతపై, వ్రాతపూర్వకమైన ఉత్తర్వుతో తగ్గిన పన్నుకు మాత్రమే ఆధారం నిలిచి ఉంటుంది. అందుకు ఇంటి యజమానికి తొలుత కావలసినవి ఒక కొలత టేపు, ఒక తెల్లకాగితం.