బాగా తింటున్నా ఆవు చిక్కిపోతోందా?

మా ఆస్పత్రికి వచ్చేవారిలో పాడి మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. మందుల చీటీ అందుకుంటూనే "సిస్టరమ్మా, మా ఆవు మేత బాగానే తింటుంది, అయినా ఎముకలు తేలుతున్నాయి, నెలల తరబడి పారుకుంటోంది" అని చెబుతారు. పశువైద్యం నా పని కాదు. కానీ ఇలా చేసే జబ్బుల్లో ఒకటి మనుషుల క్షయకు దగ్గరి చుట్టం.

దాని పేరు జోనీస్ వ్యాధి. 1895లో జర్మనీలో దీన్ని గుర్తించారు. క్షయ క్రిమి జాతికే చెందిన ఈ క్రిమి పేగు గోడల్లో చేరుతుంది. గోడలు మందమై, తిన్నది ఒంటికి పట్టదు. జ్వరం ఉండదు, ఆకలి తగ్గదు. పాలు తగ్గిపోతాయి. కొన్నిటికి దవడ కింద నీరు దిగుతుంది. గేదెలకు, గొర్రెలకు, మేకలకు కూడా వస్తుంది.

ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ రోజు పారుకుంటున్న ఆవుకు జబ్బు ఈ రోజు అంటలేదు. సాధారణంగా దూడగా ఉన్నప్పుడే, పెద్ద పశువుల పేడ అంటిన పొదుగు చీకినప్పుడో, ఆ పేడ కలిసిన నీళ్లు తాగినప్పుడో క్రిమి లోపలికి పోతుంది. బయటపడేది రెండు నుంచి ఐదేళ్లకు, తరచుగా ఈనిన తర్వాత. ఈలోగా పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే పేడలో క్రిములను వదలవచ్చు. తడి నేలలో ఆ క్రిమి నెలల తరబడి బతుకుతుంది.

దీన్ని నయం చేసే మందు లేదు. సూదులకు అప్పు చేయకండి. అయితే నట్టల వల్ల కూడా ఇలాగే చిక్కిపోతాయి కాబట్టి ముందు పశువైద్యునికి చూపించి పేడ, రక్తం పరీక్ష చేయించండి. తొలి దశలో జబ్బు పరీక్షకు దొరకకపోవచ్చు, మళ్లీ చేయించాలి.

జబ్బు తేలిన పశువును మంద నుంచి వేరు చేయాలి. ఒక్క ఆవే ఆధారమైన ఇంట్లో ఈ మాట చెప్పడం తేలిక కాదని తెలుసు. అయినా సంతలో అమ్మితే జబ్బు ఇంకొక పేదవాడి కొట్టంలోకి వెళ్తుంది.

దూడ పుట్టగానే శుభ్రమైన చోటికి మార్చండి. జున్నుపాలు మాత్రం మాన్పించకండి. తల్లికి జబ్బుంటే ఆరోగ్యమైన మరో ఆవువి పితికి పట్టండి. కుడితి తొట్టెను పేడ పడనంత ఎత్తులో పెట్టండి. పెద్ద పశువుల పేడను దూడలు మేసే గడ్డికి ఎరువుగా వేయవద్దు.

మనుషుల్లో క్రోన్స్ అనే పేగు జబ్బుకూ ఈ క్రిమికీ సంబంధం ఉందా అని ఏళ్లుగా పరిశోధిస్తున్నారు, ఇంకా రుజువు కాలేదు. పాలు పొంగు వచ్చేదాకా కాచి తాగండి, పిల్లలకు పచ్చిపాలు పట్టకండి.