మీకు తెలుసా? మంచినీటి చేప నెత్తురూ ఉప్పనే!

మంచినీటి చేప నెత్తురులో లీటరుకు సుమారు 9 గ్రాముల లవణాలుంటాయి. సముద్రపు నీటిలో ఉండేదానికి ఇది దాదాపు నాలుగో వంతు. చుట్టూ ఉన్న చప్పనీరు మొప్పల గుండా పగలూ రాత్రీ దాని ఒంట్లోకి దిగుతూనే ఉంటుంది. అందుకే ఆ చేప నీళ్లు తాగడమే అరుదు. చేరిన నీటిని పలుచని మూత్రంగా బయటికి తోసేస్తూ, జారిపోయిన ఉప్పును మొప్పలతోనే తిరిగి లాక్కుంటుంది.

గాయపడిన చేపకు, ప్రయాణంలో బెదిరిన చేపకు ఈ పని భారమవుతుంది. అక్వేరియం నీటిలో లీటరుకు ఒకటి రెండు గ్రాముల ఉప్పు కలిపితే ఆ భారం తగ్గుతుంది. నీటిలో నైట్రైట్ అనే విషపదార్థం పెరిగినప్పుడు ఉప్పులోని క్లోరైడ్ దాన్ని మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. నిజంగా ప్రాణం నిలిపే గుణం ఇదే.

ఇస్కపల్లి ఉప్పు కొటార్లలో పండే కల్లుప్పు వాడాలనుకుంటే ముందు చెంబు నీళ్లలో కరిగించండి. ఇసుక, మట్టి అడుగుకు దిగాక పైతేట మాత్రమే కొద్దికొద్దిగా పోయండి. తొట్టిలో నీరు ఆవిరైనా ఉప్పు ఆవిరి కాదు. తగ్గిన నీటిని భర్తీ చేసేటప్పుడు మళ్లీ ఉప్పు వేయకూడదు. మొక్కలున్న తొట్టిలో అసలు వేయకపోవడమే మేలు, చాలా రకాలు వాడిపోతాయి.