స్నాప్‌షాట్ కోడ్ రివ్యూ: నేను ముందు చూసేది ఒక్కటే
వర్చువల్ మెషీన్‌లో ఏదైనా ప్రయోగం చేసేముందు స్నాప్‌షాట్ తీసుకుంటాం కదా. 40 జీబీ డిస్క్‌కైనా అది చిటికెలో అయిపోతుంది. ఎందుకంటే అక్కడ డేటా కాపీ అవ్వదు.

2003లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన క్యూఎమునే తీసుకోండి. దాని క్యూకౌ2 ఫార్మాట్ డిస్క్‌ని మామూలుగా 64 కేబీ క్లస్టర్లుగా విడగొడుతుంది. ఒక్కో క్లస్టర్‌ని ఎన్ని చోట్ల వాడుతున్నామో రాసుకునే లెక్కే రెఫ్‌కౌంట్. స్నాప్‌షాట్ తీస్తే 1 కాస్తా 2 అవుతుంది. తర్వాత మీరు మార్చింది కొత్త చోట రాస్తుంది, పాతది అలాగే ఉంటుంది.

మిర్యాలగూడ రైస్ మిల్లు గోడౌన్ అనుకోండి. ఒకే లాటు మీద రెండో ఆసామికి చీటీ ఇవ్వాలంటే ముందు పుస్తకంలో అతని పేరు ఎక్కాలి. లేదంటే మొదటి ఆసామి లెక్క తీరగానే గుమస్తా ఆ జాగా ఖాళీ అనుకుంటాడు. చీటీ ఉంటుంది, బస్తాలుండవు!

అందుకే రివ్యూలో నేను ముందు చూసేది వరుస. స్నాప్‌షాట్ తీసేటప్పుడు పెరిగిన రెఫ్‌కౌంట్ ముందు డిస్క్ మీదికి చేరాలి, ఆ తర్వాతే స్నాప్‌షాట్ పట్టిక. డిలీట్‌కి ఉల్టా. ప్రతి రెండు స్టెప్పుల మధ్యా కోదాడలో కరెంటు పోయిందనుకుని చదువుతా. వరుస సరిగ్గా ఉంటే మహా అయితే కొంత జాగా వృథా అవుతుంది, దాన్ని క్యూఎము-ఇమేజ్ చెక్‌తో రాబట్టుకోవచ్చు. వరుస తప్పితే డేటాయే పోతుంది. మామూలు టెస్టులు దీన్ని పట్టవు, అవి నడిచేటప్పుడు కరెంటు పోదు కదా.

ఇంకో మాట: ఈ రకం స్నాప్‌షాట్ అదే డిస్క్ ఫైల్‌లో ఉంటుంది. ఫైల్ పోతే రెండూ పోతాయి. ప్రాజెక్టు కాపీ ఒకటి వేరే డిస్క్‌లో పెట్టుకోండి.