కుక్క రొప్పు, ప్రయాణపు సంచి

కుక్కను వెంటబెట్టుకుని వేసవిలో దూరప్రయాణం చేసేవారు సంచి సర్దేటప్పుడు దాని తిండి గురించి ఎక్కువగానూ, నీటి గురించి తక్కువగానూ ఆలోచించడం కద్దు. దాని శరీర ధర్మాన్ని బట్టి చూస్తే ఈ వరుస తారుమారు కావాలి. మనిషి చర్మమంతటా ఉన్న స్వేద గ్రంథులు స్రవించే చెమట ఆవిరవుతూ ఒంటి వేడిని తగ్గిస్తుంది. కుక్కకు అటువంటి గ్రంథులు పాదాల కింది మెత్తల్లోనే ఉండటం వల్ల వాటితో ఒరిగే చల్లదనం స్వల్పం. అందుచేత మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే దాని ఉష్ణోగ్రత పెరగసాగినప్పుడు అది ప్రధానంగా రొప్పు మీదనే ఆధారపడుతుంది.

విశ్రాంతిలో నిమిషానికి 15 నుంచి 30 సార్లు ఊపిరి తీసే కుక్క, రొప్పేటప్పుడు 300 సార్ల దాకా తీస్తుంది. ఇంత వేగంగా కదిలే కండరాలే మరింత వేడిని పుట్టించవా అన్న సందేహానికి 1962లో క్రాఫర్డ్ ప్రచురించిన పరిశోధన సమాధానమిచ్చింది. ఊపిరితిత్తులు, ఛాతీ కలిసి ఒక సహజమైన లయను కలిగి ఉంటాయని, కుక్క ఆ లయకు దగ్గరగానే రొప్పుతుందని, ఊగుతున్న ఉయ్యాలను అదను చూసి తోస్తే కొద్ది బలమే చాలినట్లు ఇక్కడా శ్రమ తగ్గుతుందని తేలింది. భౌతికశాస్త్రంలో దీనిని అనునాదం అంటారు. 1970లో ష్మిట్-నీల్సన్ బృందం, రొప్పేటప్పుడు గాలి ఎక్కువగా ముక్కు గుండా లోపలికి పోయి నోటి గుండా వెలుపలికి వస్తుందని చూపింది. ముక్కు లోపలి తడి పొరల మీదుగా గాలి సాగుతున్నప్పుడు ఆవిరయ్యే ప్రతి గ్రాము నీరూ దాదాపు 580 కేలరీల వేడిని తనతో తీసుకుపోతుంది. ఈ వేడికే బాష్పీభవన గుప్తోష్ణమని పేరు.

చల్లదనమంతా ఒంట్లోని నీటి ఖర్చుతోనే వస్తోంది కనుక సంచిలో మొదటి స్థానం నీటిదే. రోజుకు కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల చొప్పున 20 కిలోల కుక్కకు మామూలు రోజుల్లోనే లీటరుకు పైగా కావాలి. ఎండాకాలం ప్రయాణానికి దానికి రెట్టింపు తీసుకెళ్లి, వెడల్పాటి గిన్నెలో కొద్దికొద్దిగా పలుమార్లు పట్టించడం మంచిది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే విశాఖ వంటి తీరప్రాంతాల్లో నీరు త్వరగా ఆవిరి కాదు కాబట్టి ఎంత రొప్పినా ఫలితం తక్కువ. ముక్కు చప్పిడిగా ఉండే పగ్, బుల్‌డాగ్ జాతులకు గాలి దారే ఇరుకు. నోరు తెరవనివ్వని గుడ్డ చిక్కం ఏ కుక్కకైనా ఎండలో ప్రమాదకరం. చిక్కం తప్పనిసరైతే బుట్ట ఆకారంలోనిది వాడాలి. మెడ పట్టీకి బదులు ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్‌ను ఎంచుకుంటే శ్వాసనాళం మీద ఒత్తిడి పడదు.

నీడ లేకుండా నిలిపిన కారు మరో ముప్పు. 2005లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో మూసిన కారు లోపలి వేడి గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే పెరగగా, కిటికీ అద్దాలను కాస్త దించినా పెద్దగా తేడా రాలేదు. అందువల్ల టీ తాగి వచ్చేంత సేపు కూడా కుక్కను కారులో వదలరాదు. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటితే అది వడదెబ్బే. చిగుళ్లు ఎర్రబడి, చొంగ చిక్కగా కారి, నడక తూలుతున్నప్పుడు కుక్క ఒంటిని నీటితో తడిపి, గాలి తగిలేలా చూస్తూ పశువైద్యుని వద్దకు చేర్చాలి.

ప్రయాణంలో కుక్కకు కడుపులో తిప్పడం కూడా మామూలే; దానికి కారణం లోపలి చెవి పసిగట్టే కదలికకూ కళ్లకు కనిపించేదానికీ పొంతన కుదరకపోవడం. కుక్కపిల్లల్లో ఇది ఎక్కువ కాబట్టి బయలుదేరడానికి కొన్ని గంటల ముందే తేలికగా తినిపించి ఆపాలి. ఇంటి వాసన అంటిన, ఉతకని పాత దుప్పటి కొత్తచోట కుక్కకు ఎంతో ధైర్యమిస్తుంది. మందుల పెట్టెలో థర్మామీటరు, గాజుగుడ్డ, పిడుదులు తీసే పట్టకారు ఉండాలి గానీ మనుషులు నొప్పికి వాడే ఐబుప్రొఫెన్‌ను కుక్కకు వేయకూడదు. అది జీర్ణాశయంలో పుండ్లనూ మూత్రపిండాలకు హానినీ కలిగిస్తుంది.

రైలులోనైతే ఏసీ ఫస్ట్ క్లాసులో కూపేను గానీ క్యాబిన్‌ను గానీ మొత్తంగా తీసుకున్నవారే కుక్కను తమ వద్ద ఉంచుకోగలరు. మిగిలినవారు గార్డు పెట్టెలోని కుక్కల గూటిలో పంపవలసి ఉంటుంది. చల్లటి గాలీ చేతికందే నీరూ లేని ఆ గూటిలో ఎండాకాలపు పగటి ప్రయాణం తగదు; గత్యంతరం లేనప్పుడు రాత్రి బండిని ఎంచుకుని, రేబిస్ టీకా కార్డును వెంట ఉంచుకుని, బండి ఎక్కువసేపు ఆగే స్టేషన్లలో దిగి నీళ్లు పట్టించాలి.