గేమ్స్ ఆడని ఇంటికి గేమ్ కన్సోల్ ఎలా అమ్ముతారు?

కాజీపల్లి పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి ఇంటికొచ్చిన తండ్రి ముందు పిల్లలు ఈదీ డబ్బులు లెక్కపెట్టి, “ఇంకో రెండు వేలు కలిపితే గేమ్ కన్సోల్ వస్తది అబ్బూ” అంటే ఏం చెప్పాలి? ఆయన ఎన్నడూ వీడియో గేమ్ ఆడి ఉండడు. అయినా ఆ ప్రకటన చూస్తే తనకోసమే చేశారేమో అనిపిస్తుంది. ఈ కిటుకును అందరికంటే బాగా వాడింది జపాన్ కంపెనీ నింటెండో.

2006 నవంబరులో సోనీ ప్లేస్టేషన్ 3 అమెరికాలో 499, 599 డాలర్ల ధరలతో వచ్చింది. అదే నెలలో నింటెండో ‘వీ’ దాదాపు 250 డాలర్లకే దొరికింది. తెర మీద బొమ్మల నాణ్యతలో వీ వెనకబడే ఉంది. కంపెనీ అధిపతి సతోరు ఇవాటా ఆ పోటీకే పోలేదు. ఆడేవాళ్ల కోసం కొట్లాడే బదులు ఆడనివాళ్లను రప్పించాలన్నది ఆయన లెక్క.

బోలెడు బటన్లున్న కంట్రోలర్ చూస్తే పెద్దవాళ్లకు బెరుకు. అందుకే టీవీ రిమోట్ లాంటిది చేతికిచ్చారు. చెయ్యి ఊపితే టెన్నిస్ బంతికి దెబ్బ తగులుతుంది, అంతే. అమెరికాలో ‘వీ స్పోర్ట్స్’ గేమ్‌ను డబ్బాలోనే పెట్టి ఇచ్చారు. ప్రకటనల్లో ఆట కంటే ఆడుతూ నవ్వుతున్న కుటుంబమే ఎక్కువ కనిపించేది. విడుదలకు ముందే కొందరు తల్లులను ఎంచుకుని, చుట్టాలను, స్నేహితులను పిలిపించి ఆడించారు. పక్కింటావిడ మాటను నమ్మినట్టు టీవీని ఎవరు నమ్ముతారు? వీ 10 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

మన దేశంలో సోనీ ఇదే దారిలో పాత ప్లేస్టేషన్ 2ను అమ్మింది. 2007లో ‘సింగ్‌స్టార్ బాలీవుడ్’ తెచ్చింది; మైకు పట్టుకుని పాడటమే ఆట. 2009లో హైదరాబాద్ సంస్థ గేమ్‌శాస్త్ర ‘దేశీ అడ్డా’ తయారుచేసింది. అందులో కబడ్డీ, గిల్లీదండా, పతంగులు ఉన్నాయి. తుపాకీ ఆటలంటే మండిపడే అమ్మీ కూడా పతంగులకు ఏమంటుంది?

కానీ ఆడనివాళ్లు రెండోసారి కొంటారన్న గ్యారంటీ లేదు. 2012లో వచ్చిన ‘వీ యూ’ 1 కోటీ 35 లక్షల దగ్గరే ఆగిపోయింది. పేరుతో గందరగోళం, అప్పటికే చేతుల్లోకొచ్చిన స్మార్ట్‌ఫోన్లు కూడా కారణాలే.

కాబట్టి డబ్బా ధర ఒక్కటే చూడొద్దు. లోపల ఏ గేమ్స్ వస్తున్నాయి, తర్వాతి గేమ్ ఎంత, రెండో కంట్రోలర్ ఎంత, నెలనెలా చందా కట్టాలా అని అడగండి. వేల గేమ్స్ ఉన్నాయంటూ అమ్మే చవక స్టిక్కుల్లో చాలావరకు అనుమతి లేని పాత కాపీలే ఉంటాయి. చెడిపోతే బాగుచేసే దిక్కుండదు.

కొనేముందు దుకాణంలో డెమో పెట్టమనండి. కంట్రోలర్ పిల్లాడికి కాదు, అమ్మీ చేతికివ్వండి. అయిదు నిమిషాల్లో ఆమెకు ఆట అర్థం కాలేదంటే, మీరు కొనేది ఇంటిల్లిపాది కోసం కాదు, పిల్లాడొక్కడి కోసం. అప్పుడు ధర చీటీ ఇంకోసారి చదువుకోండి.