క్రొత్తగా బెట్టిన ఆటల ఛానలు

మూసిన తలుపు వెనుక కుమారుడో, మరిదియో, మేనల్లుడో ఒంటరిగా గూర్చుండి "అందరికి నమస్కారము, మన ఛానలునకు స్వాగతము" అని బిగ్గరగా బలుకుచుండగా విని విస్తుపోని గృహిణి యీనాడు అరుదు. ఎదుట మనుష్యుడెవ్వడును లేడు. తెరపై నేదో యుద్ధము జరుగుచుండును. దానిని తానే యాడుచు, ఆడుటను తానే వర్ణించుచు, ఆ వర్ణనమును వీడియోగా జేసి యూట్యూబునం దుంచుచున్నాడు. ఒకడాడుచుండగా వేరొకడు చూచుట యేమి వినోదమని పెద్దలు నవ్వుదురు. ఆ నవ్వు మాకు సమంజసముగా దోచదు. రచ్చబండపై పులిజూద మాడువా రిద్దరే. చుట్టును నిలిచి "ఆ మేకను కదుపకు" అని గోలచేయువారు పదుగురు. కురుక్షేత్రమున జరిగినదానిని ధృతరాష్ట్రుడు వినినది సంజయుని నోటనే కదా! చూచినది చూచినట్లు చెప్పి యెదుటివానిని కూర్చుండబెట్టుట యొక విద్య. అయితే సంజయునకు శ్రోత సిద్ధముగా నుండెను. మన పిల్లలకు శ్రోతను వెదకికొనుటయే పెద్ద పని.

మా మరిది డిగ్రీ ముగించి యిట్టి ఛానలొకటి యారంభించెను. ఎనిమిది మాసములకు జేరిన చందాదారులు 131 మంది. చందాదారులన్న పేరేగాని వీరు పైసయు జెల్లింపరు; ఛానలు తమకు నచ్చినదని యొక మీట నొక్కుదురు, అంతే. ఆ 131 మందిలో నలుబదిమందికి పైగా మా బంధువులు. "వదినా, మనవాళ్లు మీట నొక్కుతారు గాని వీడియో రెండు నిమిషాలు చూడరు. దానివల్ల నాకు నష్టమే" అని వాడు వాపోయెను. అందులో సత్యము లేకపోలేదు. వచ్చినవారు వెంటనే విడిచిపోవు వీడియోను క్రొత్తవారికి జూపుటకు యూట్యూబు యంత్రాంగము వెనుదీయును. పెండ్లిపందిటిలో నందరిచేతను మీట నొక్కించిన మా అత్తగారికి ఈ సంగతి యిప్పటికిని నచ్చజెప్పలేకున్నాము.

పిల్లలు మనకు జెప్పు కథలన్నియు గెలిచినవారివే. స్వీడను దేశస్థుడొకడు ప్యూడీపై యను పేరుతో 2010లో ఆటల ఛానలు పెట్టి, చదువు మాని, కొన్నాళ్లు తినుబండారముల దుకాణములో పనిచేసి, 2019 నాటికి పదికోట్ల చందాదారులను సంపాదించెను. కథ నిజమే. కాని 2010 నాటి సంత వేరు, నేటి సంత వేరు. నాడు అంగళ్లు తక్కువ; నేడు చేతిలో ఫోను గల ప్రతివాడును అంగడి తెరవగలడు.

ఇక లెక్కకు వత్తము. 2018 జనవరిలో ప్రకటించిన నియమము ననుసరించి, ప్రకటనల యాదాయములో వాటా పొందుటకు 1,000 మంది చందాదారులును, వెనుకటి 12 మాసములలో 4,000 గంటల వీక్షణమును ఉండవలెను. పొట్టి వీడియోలు చేయువారికి గంటలకు బదులు 90 దినములలో కోటి వీక్షణములు. 4,000 గంటలనగా 2,40,000 నిమిషములు. వచ్చినవాడు సగటున మూడు నిమిషములు నిలుచుననుకొన్నను 80,000 మారులు ఎవరో యొకరు చూడవలెను. అది దినమునకు 219. మా మరిది మొదటి వీడియోను మొదటి వారమున జూచినవారు పదునేడుగురు. ఈ లెక్కను మేమొక కాగితముపై వేసి వాని బల్లపై నుంచితిమి. నిరుత్సాహపరచుటకు గాదు, ఆరునెలలలో ఉద్యోగము నక్కరలేదని వాడు తల్లికిచ్చిన మాటకు కొలబద్ద యుండవలెనని.

శ్రమయంతయు నాటలో నున్నదనుకొనుట పొరపాటు. వీడియోకు ముందుగా గనబడు చిన్న బొమ్మ బాగుండవలెను, శీర్షిక బాగుండవలెను. యూట్యూబువారు చెప్పునట్లు, సగము ఛానళ్లలో ఆ బొమ్మ నూరుమంది కండ్లబడిన లోపలికి వచ్చువారు ఇద్దరు మొదలు పదుగురు మాత్రమే. వచ్చినవారిని మొదటి అరనిమిషములోనే పట్టవలెను. మా మరిది మొదటి వీడియోలలో రెండు నిమిషములపాటు స్వాగతవచనములే. నాందీప్రస్తావనలు ముగియుసరికి ప్రేక్షకులు లేచిపోయిరి.

ఏ యాట నాడవలెనన్నది మరియొక చిక్కు. అందరును ఆడునది యెన్నుకొన్న మధ్యాహ్నపు టెండలో దీపము; ఎవ్వరును ఎరుగనిది యెన్నుకొన్న వెదకువాడే యుండడు. పోనీ, ప్రసిద్ధమైన యాటను నమ్ముకొందమన్న అది యుండునో యూడునో తెలియదు. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైలును, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైరును మన ప్రభుత్వము నిషేధించెను. పబ్జీకి బదులుగా 2021లో వచ్చిన ఆట సైతము 2022 జూలైలో తొలగింపబడి, మరల 2023 మేలో గాని రాలేదు. ఒక్క యాటనే కట్టుకొన్న ఛానళ్లవా రా నడుమ నేమి తినిరో!

భాషనుగూర్చి యింటిలో వాదము జరిగెను. హిందీలో మాటాడిన దేశమంతయు జూచునని మరిది తలంపు. వాని హిందీ పరీక్షల హిందీ. తెలుగువారు కొలదిమందియే యైనను, ఓడిపోయినపుడు గోదావరి యాసలో వాడు తన్ను తాను తిట్టుకొన్న వీడియోనే నేటికిని అందరికన్న నెక్కువమంది చూచిరి. మావారు బడిలో వ్యాకరణము చెప్పువారైనను ఆ వీడియో చూచి నవ్విరి.

ధనము మాట. వేగముగల కంప్యూటరు లేనిదే ముందుకు బోలేనని మరిది పట్టుబట్టగా, అత్తగారు కాసులపేరు తాకట్టు పెట్టుటకు సిద్ధపడిరి. మేము అడ్డుపడితిమి. బొమ్మ కొంత మసకగా నున్నను జనులు సహింతురు, మాట వినబడనిచో నొక్క క్షణము నిలువరు. కావున మొదట కొనదగినది మంచి మైకు. తెరను వీడియోగా పట్టు ఓబీఎస్ యను సాధనము ఉచితముగనే దొరకును. అప్పుచేసి కొన్న యంత్రము నెలనెల వడ్డీ యడుగును. 131 మంది చందాదారులు వడ్డీ కట్టరు. వెయ్యిమంది చేరినపుడు మరల మాటాడుదమని నిశ్చయమైనది. నగ పెట్టెలోనే యున్నది.

దుర్బోధలును గలవు. ఇంత సొమ్మిచ్చిన ఇంతమంది చందాదారులను జేర్తుమని వచ్చు జాబులు నమ్మరాదు. అది నియమవిరుద్ధము, ఆ చేరినవా రేనాడును చూడరు. పరుల పాటలను అనుమతిలేక చేర్చినచో, 90 దినములలో మూడు తప్పులు పడిన ఛానలే పోవును. అంతకన్న ఘోరమైనది పందెపుటాటల ప్రకటన. పణముపెట్టు ఆటలను తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్రచట్టము వాని ప్రకటనలను సైతము నిషేధించినది. ధర్మరాజు నేమి చేసెనో యెరిగిన మన యిండ్లలో దీనిపై విచారణ మక్కరలేదు.

బాలికల విషయము వేరుగా జెప్పవలెను. మా వీథిలోని యొక కన్య మా మరిదికన్న నిపుణముగా నాడును. కాని మైకు ఆపి యాడును. గొంతు ఆడుదానిదని తెలిసినంతనే వచ్చు కూతలు వినలేకపోయినదట. నేర్పునకు లోపము లేక, నోరు విప్పుటకు మాత్రము వీలులేనిచో వ్యాఖ్యానము లెట్లు చేయును? ఛానలు నడుపువారు కొన్ని మాటలను నిషిద్ధములుగా నమోదు చేయవచ్చును. అవి గల వ్యాఖ్యలు పైకి రాకుండ నిలిచియుండును. మన తెలుగు బూతులను ఇంగ్లీషు అక్షరములలో వ్రాయువారే యెక్కువగాన, ఆ రూపములన్నియు జేర్చవలెను. ఆ పట్టిక మా మరిది వ్రాసియిచ్చెను, మేము చదువలేదు. ఇప్పుడామె తల్లి పక్కన గూర్చుండగా వారమున కొక వీడియో చేయుచున్నది. ప్రత్యక్షప్రసారము తానుగా జేయుటకు 16 ఏండ్లు నిండవలెనని 2025 జూలై నుండి నియమము; ఆమెకు నిండినవి.

సొమ్ము వచ్చుదాక వచ్చిన, పెద్ద వీడియోల ప్రకటనలలో నూటికి 55 పాళ్లు ఛానలువారివి. పది డాలర్లు పోగైనంతనే చిరునామా నిజమో కాదో తెలియుటకు తపాలాలో నొక రహస్యసంఖ్య వచ్చును. నూరు డాలర్లు చేరనిది బ్యాంకుకు బంపరు. పదునెనిమి దేండ్లు నిండని పిల్లలకు తల్లిదండ్రుల ఖాతాయే యాధారము గావున, ఆ కాగితములపై సంతకము పెట్టునది మనమే.

మా మరిదికి ఇప్పుడు 412 మంది. ఉదయము బ్యాంకు పరీక్షకు జదివి, రాత్రి ఆడుచున్నాడు. మాటలు పట్టునది మాత్రము ఆదివారము పది గంటలకు. ఆ గంటలో మేము మిక్సీ తిప్పము, కుక్కరు నెక్కింపము. పప్పు కొంచె మాలస్యముగా నుడుకును.