మిగిలిన పిల్లల బడి

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో దసరా దాటాక ఊళ్లు పలచబడతాయి. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం చుట్టుపక్కల వానాధారపు చేలల్లో పని అయిపోగానే సుగ్గి మొదలవుతుంది. సుగ్గికి పోవడమంటే పత్తి తీతకో, గుంటూరు మిరప చేలకో, తెలంగాణ వైపో ఇంటిల్లిపాదీ బయల్దేరడం. ముసలివాళ్లను ఇంటి దగ్గర వదిలి బియ్యం మూటనీ గిన్నెలనీ పిల్లల్నీ బండెక్కిస్తారు. మిరప కోతలు ఉగాది దాకా సాగుతాయి. ఎనిమిదేళ్ల పిల్ల చేను గట్టున తమ్ముణ్ని ఆడిస్తుంది. పన్నెండేళ్లు వచ్చిందా, తనూ కాయ కోస్తుంది. కోసిన కాయను బట్టి కూలి ఇచ్చేచోట చిన్న చేతులు కూడా అక్కరకొస్తాయి. ఊళ్లో బడి పట్టీలో మాత్రం ఆ పిల్ల పేరు చెక్కుచెదరదు. జూన్‌లో బడిబాట కార్యక్రమంలో రాసుకున్న పేరు అది. ఏడాది చివర లెక్క తీస్తే చేరిక బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇలాంటి పిల్లల్ని ‘డ్రాపౌట్లు’ అంటున్నాం. బడి మానేసింది ఆ పిల్లేనన్న అర్థం అందులో ఉంది. నిజానికి ఆమె ఎక్కడికి పోయిందో ఊరందరికీ తెలుసు, ఎప్పుడొస్తుందో కూడా తెలుసు. తెలియనట్టు నడిచేది బడి క్యాలెండర్ ఒక్కటే.

చట్టానికీ తెలుసు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఈ పిల్లను దృష్టిలో పెట్టుకునే రాశారా అనిపించేలా ఉంటుంది. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్చే బాధ్యత స్థానిక సంస్థలదని 9వ సెక్షన్ చెబుతుంది. టీసీ ఆలస్యమైందన్న సాకుతో చేర్చుకోకపోవడం కుదరదంటుంది 5వ సెక్షన్. వయసు రుజువు లేదని వెనక్కి పంపకూడదు, వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టి వెనకబడిన చదువును ప్రత్యేక శిక్షణతో అందించాలి. అంటే మిరప చేను పక్క ఊరి బడి ఈ పిల్లకు తలుపు తీయాల్సిందే. మూడు నెలలుండి పోయే పిల్లకు పుస్తకాలెక్కడి నుంచి తేవాలి, మధ్యాహ్న భోజనం ఏ లెక్కలో రాయాలి అన్న ప్రశ్నలకు మాత్రం అక్కడి హెడ్మాస్టరుకు ఎవరూ జవాబు చెప్పరు. దాంతో పిల్లను బడికి పంపమని ఆయనా అడగడు, కూలీలను తీసుకొచ్చిన మేస్త్రీ అసలే అడగడు.

దీనికి మన దగ్గరే ఉన్న మంచి ఉపాయం సీజనల్ హాస్టల్. తల్లిదండ్రులు పనికి పోయినా పిల్లలు సొంతూళ్లో తిని, పడుకుని, రోజూ చదివే బడికే వెళ్తారు. ఖర్చు కూడా పెద్దది కాదు. అయితే సుగ్గి బండ్లు కదిలాక తెరిచే హాస్టల్‌తో ఏం లాభం? నిధులు సెప్టెంబరులోనే చేరాలి, ఆడపిల్లల కోసం రాత్రి కాపలాకు నమ్మకమైన మనిషి ఉండాలి. ఈ రెండూ లేకపోతే ఏ తల్లీ పదేళ్ల కూతుర్ని వదిలి వెళ్లదు, వెళ్లకూడదు కూడా. మరో చిక్కు ఉంది. 2020లో మొదలైన అమ్మ ఒడి పథకం ఏడాదికి 15,000 రూపాయలిస్తూ, 75 శాతం హాజరు ఉండాలన్న షరతు పెట్టింది. చదువు మీద శ్రద్ధ పెంచడానికే పెట్టారు, కాదనలేం. కానీ ఆ షరతుకు మొదట దొరికిపోయింది ఎవరి పిల్లలు?

కాలేజీల గొడవలో పుట్టిన హక్కు

చదువు హక్కు మన చట్టంలోకి వచ్చిన దారి విచిత్రం. ప్రైవేటు వైద్య, ఇంజనీరింగ్ కాలేజీలు క్యాపిటేషన్ ఫీజుల మీద ఆంక్షలను సవాలు చేస్తూ కోర్టుకెక్కాయి. ఆ వ్యాజ్యమే ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. 1993లో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, 14 ఏళ్లలోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కేనంది. సీట్ల బేరం గురించిన తగాదాలో సీటే లేని పిల్లలకు హక్కు దొరికింది. తర్వాత 2002లో 86వ రాజ్యాంగ సవరణ, 2009లో విద్యాహక్కు చట్టం.

అంతకు చాలా ముందే కొఠారీ కమిషన్ ఒక మాట చెప్పింది. 1966 నాటి నివేదికలో ప్రతిపాదించింది ఉమ్మడి బడి: ఏ వాడలో పుట్టిన పిల్లలైనా దగ్గర్లోని ఒకే బడికి వెళ్లాలి, అది ధనికుల పిల్లలు కూడా చదివేంత బాగుండాలి. చట్టం ‘దగ్గర్లోని బడి’ అన్న మాటను తీసుకుంది, ఉమ్మడి అన్న ముక్కను వదిలేసింది. ప్రైవేటు బడుల్లో నాలుగో వంతు సీట్లు పేద పిల్లలకివ్వాలన్న 12(1)(సి) సెక్షన్ ఆ లోటుకు వేసిన అతుకు. 2012లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆంధ్రప్రదేశ్‌లో అది అమలుకు రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

అతుకు అనడం కొందరికి నచ్చకపోవచ్చు. సీటు దొరికిన పిల్లకు అది పెద్ద అండే. కానీ పల్లెల్లో ఈ పాతికేళ్లలో ఏం జరిగిందో చూడండి. పొద్దున్నే పసుపు బస్సు వస్తుంది, కాస్త స్తోమత ఉన్న ఇళ్ల పిల్లలు ఎక్కుతారు. చాలా ఇళ్లల్లో కొడుకు బస్సెక్కుతాడు, కూతురు నడిచి సర్కారు బడికి పోతుంది. ఊరి బడిలో మిగిలేది ఎస్సీ కాలనీ పిల్లలు, తండాల పిల్లలు, ఆడపిల్లలు, వలస కూలీల పిల్లలు. ఊళ్లో నోరున్న పెద్దల పిల్లలెవరూ అక్కడ లేరు కాబట్టి, మరుగుదొడ్డికి నీళ్లు రాకపోయినా, టీచరు పోస్టు ఖాళీగా ఉన్నా మండలాఫీసు దాకా వెళ్లి గట్టిగా అడిగే గొంతు ఉండదు.

గురుకులాల సంగతీ ఇక్కడే మాట్లాడుకోవాలి. తెలుగువాళ్లు గర్వపడాల్సిన విషయం అది. 1971లో, పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. 1980లలో ఎస్.ఆర్.శంకరన్ వంటి అధికారుల పూనికతో అదే నమూనా దళిత పిల్లలకు అందింది. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. తర్వాత తెలంగాణలో బీసీ, మైనారిటీ గురుకులాలు కలిపి మొత్తం వెయ్యి దరిదాపులకు చేరాయి.

కానీ ఐదో తరగతిలో చేరాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. పరీక్ష నెగ్గేది ఎవరు? ఊరి బడిలో నాలుగేళ్లు సరిగ్గా చదువుకోగలిగిన పిల్లలు. సుగ్గికి పోయొచ్చిన పిల్ల నెగ్గదు, ఇంట్లో కోయ మాట్లాడుతూ బడిలో తెలుగు విని తికమకపడే పిల్లాడు నెగ్గడు, చూపు లేని పిల్లాడికి ఆ పరీక్ష సంగతే ఎవరూ చెప్పరు. ఇలా ప్రతి ఏటా ఊరి బడి నుంచి చురుకైన పిల్లలు ఏరుకున్నట్టు వెళ్లిపోతారు. గురుకులాలు వద్దని ఎవరంటారు? నా ఫిర్యాదల్లా ఒకటే. అణగారిన పిల్లల కోసం మనం చేసిన మంచి పనులన్నీ ఊరి బడి నుంచి బయటపడే దారులే. ఆ దారి దొరకని పిల్లల కోసం ఊరి బడినే బాగుచేద్దామన్న పట్టుదల అంతగా కనిపించదు.

అది కుదురుతుందని నిరూపించిన వాళ్లు మన మధ్యే ఉన్నారు. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి.ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో పని మొదలుపెట్టినప్పుడు, పేద తల్లిదండ్రులకు పిల్లల సంపాదన కావాలి, చదువక్కర్లేదు అన్నది అందరూ ఒప్పుకున్న మాట. వాళ్లు దాన్ని ఒప్పుకోలేదు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా, పిల్లాడూ బాలకార్మికులే అన్నారు. పశువులు కాసే పిల్లల్ని, జీతానికున్న పిల్లల్ని బ్రిడ్జి క్యాంపుల్లో కొన్ని నెలలు చదివించి వయసుకు తగ్గ తరగతిలో చేర్చారు. చేర్చింది ఎక్కడ? ఊరి సర్కారు బడిలోనే. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు.

టీచరు ఏ భాషలో పలకరిస్తారు

ఆదివాసులుండే ఏజెన్సీలో చిక్కు మరో రకం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000వ దశకంలో కోయ, గోండి, సవర, కువి, కొలామి వంటి ఎనిమిది భాషల్లో తొలి తరగతుల పుస్తకాలు తయారు చేసి బహుభాషా విద్య మొదలుపెట్టారు. తెలుగు లిపిలోనే వాళ్ల మాట, మెల్లగా తెలుగులోకి. ఆలోచన బాగుంది. నిలబడాలంటే ఆ భాష వచ్చిన టీచరు ఉండాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే ఇవ్వాలంటూ 2000లో వచ్చిన జీవో నంబరు 3 అందుకు ఆసరాగా నిలిచింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంటూ 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కోర్టు వాదనలో అది ఉద్యోగాల వాటా సమస్య. మొదటి తరగతి పిల్లాడికి మాత్రం టీచరమ్మ అడిగింది అర్థమవుతుందా లేదా అన్న సమస్య.

దివ్యాంగుల విషయంలో చట్టం ఇంకా విశాలం. 2016 చట్టం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత చదువునిస్తోంది. మండలాల్లో ఆ పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. పిల్లాణ్ని అక్కడి దాకా మోసుకెళ్లే తల్లి ఆ రోజు కూలి పోగొట్టుకుంటుంది.

చివరికి అన్నీ టీచరు దగ్గరికే వస్తాయి. అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లుండాలంటుంది విద్యాహక్కు చట్టం. 2024-25 ప్రభుత్వ లెక్కల్లో దేశంలో ఏకోపాధ్యాయ బడులు లక్షకు పైగా ఉన్నాయి. రాష్ట్రాల వారీగా చూస్తే ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, పన్నెండు వేలు దాటాయి. ఐదు తరగతులకూ ఒక్కరే పాఠం చెప్పేచోట వెనకబడిన పిల్లకు ప్రత్యేక శిక్షణ ఇచ్చేదెవరు? పిల్లలు తగ్గారని పోస్టు తీసేస్తే, టీచరు లేరని ఇంకొందరు పసుపు బస్సెక్కుతారు. మరుసటి ఏడాది, పిల్లల సంఖ్యను బట్టి టీచర్లను సర్దే హేతుబద్ధీకరణలో ఇంకో పోస్టు పోతుంది.

ఈ చక్రాన్ని అడ్డుకోగల అధికారం కాగితం మీద తల్లిదండ్రులకు ఉంది. స్కూలు యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు వాళ్లే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు కావాలి, వెనకబడిన వర్గాల తల్లిదండ్రులకు దామాషా చోటివ్వాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేది ఆ కమిటీయే. సమావేశం పొద్దున పదిన్నరకు పెడుతున్నంత కాలం కూలికి వెళ్లిన సభ్యురాలి సంతకం మర్నాడు ఇంటికెళ్లి తీసుకుంటారు. పొద్దుగూకాక, పనుల నుంచి అందరూ తిరిగొచ్చాక ఏడింటికి పెట్టొచ్చు. దానికి కొత్త జీవో అక్కర్లేదు.